పెరట్లో కుంపటి, ఇంట్లో పాదరసం

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నాకు పెళ్లయి రెండేళ్లయింది. పుట్టిల్లు కందుకూరు, మెట్టినిల్లు నెల్లూరు. ఇప్పుడు నాకు ఐదో నెల. మా మామగారు బంగారం పని చేస్తారు, ఆచారి వీధి షాపులకు నగలు చేసిస్తారు. పని చేసేచోట రాలిన దుమ్మంతా పోగుచేసి, రెండు నెలలకోసారి ఇంటి వెనక రేకుల షెడ్డులో కడిగి, పాదరసం కలిపి పిసికి, ఆ ముద్దను కుంపటి మీద కాచి బంగారం తీస్తారు. షెడ్డుకీ మా వంటింటి కిటికీకీ మధ్య పది అడుగులు కూడా ఉండదు. పోయిన వారం మా పడగ్గదిలో థర్మామీటరు కింద పడి పగిలింది. అత్తమ్మ చీపురుతో ఊడ్చారు. మామగారు దొరికినంత పాదరసాన్ని కాగితం మీదకి ఎత్తి తన సీసాలో పోసుకున్నారు. గర్భిణులకు పాదరసం మంచిది కాదని ఫోన్లో చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా వారితో అంటే, "ముప్పయ్యేళ్ల నుంచి నాన్న చేస్తుండాడు, ఆయనకేమైంది? కృష్ణపట్నం కరెంటు ప్లాంటు పొగ ముందు ఇదెంత?" అంటారు. మా ఆడపడుచు ఆన్‌లైన్లో ఏదో తెల్లబడే క్రీమ్ తెప్పించి రాసుకుంటోంది, అందులోనూ పాదరసం ఉంటుందంటున్నారు. నేనేం చేయాలి? మామగారికి ఎలా చెప్పాలి?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందు థర్మామీటరు సంగతి చెప్తాను. ఒక థర్మామీటరులో ఉండే పాదరసం అర గ్రాము నుంచి ఒక గ్రాము. అది పగిలిన గదిలో కాసేపు తిరిగినంత మాత్రాన కడుపులో బిడ్డకు ఏదో అయిపోయిందని భయపడకండి. ఈ రాత్రికి నిద్రపోండి. కాకపోతే ఈ రాత్రి ఆ గదిలో కాదు, వేరే గదిలో పడుకోండి.

చీపురు వాడడం వల్ల ఒక నష్టం జరిగింది. పాదరసం గుండు చీపురు పుల్ల తగలగానే వంద గుళ్లుగా చిట్లుతుంది. అవి మంచం కాళ్ల కిందకి, బండల సందుల్లోకి దొర్లిపోయి ఉంటాయి. నీళ్లు ఆరినట్టే పాదరసమూ ఆరుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా, నెలల తరబడి. ఆ ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. కాబట్టి గదిని ఇంకోసారి శుభ్రం చేయాలి. అది మీ వారు చేయాలి, మీరు కాదు.

ఆయనకు ఇలా చెప్పండి. చేతికున్న ఉంగరం, మెడలో గొలుసు తీసేయమనండి. పాదరసం తగిలితే బంగారం తెల్లబడిపోతుంది, ఈ సంగతి మీ ఇంట్లో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. ఏసీ, ఫ్యాను ఆపాలి. బయటికి తెరుచుకునే కిటికీలు తెరిచి, ఇంట్లోకి వచ్చే తలుపు మూయాలి. తర్వాత టార్చిలైటును నేలకు ఆనించినట్టు పెట్టి, వెలుతురు బండల మీద పారేలా చూడాలి. పైనుంచి వేస్తే ఏమీ కనపడదు. పక్కనుంచి వేస్తే మూలల్లో ఆవగింజలో సగం ఉన్న గుళ్లు కూడా తళుక్కుమంటాయి. వాటిని రెండు గట్టి అట్టముక్కలతో ఒకచోటికి నెట్టి, చుక్కల మందు వేసే డ్రాపరుతో పీల్చాలి. మరీ చిన్నవాటిని ప్లాస్టరు టేపు జిగురువైపు అద్ది తీయాలి. అన్నిటినీ గట్టి మూతున్న ప్లాస్టిక్ సీసాలో వేసి బిగించాలి. ఊడ్చిన చీపురు కూడా మూటగట్టి పక్కన పెట్టాల్సిందే, దాంతో మళ్లీ ఇల్లు ఊడవొద్దు. వ్యాక్యూమ్ క్లీనర్ అసలు వాడొద్దు, అది పాదరసాన్ని వేడిచేసి ఆవిరిగా ఇల్లంతా చిమ్ముతుంది. పని అయ్యాక ఒక రోజంతా కిటికీలు తెరిచే ఉంచండి.

ఇక షెడ్డు సంగతి. అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను కూర్చోనివ్వనిది అదే.

దుమ్ములోని బంగారాన్ని పాదరసం పట్టుకుంటుంది, గుడ్డలో వేసి పిండితే వదులుగా ఉన్న పాదరసం కారిపోయి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దలో ఇంచుమించు సగం పాదరసమే. పాదరసం మరిగే వేడి 357 డిగ్రీలు, బొగ్గుల కుంపటికి అదొక లెక్క కాదు. అంటే మామగారికి ఐదు గ్రాముల బంగారం వచ్చిందంటే, దాదాపు ఐదు గ్రాముల పాదరసం గాల్లోకి పోయినట్టే. ఐదు నుంచి పది థర్మామీటర్లు మీ వంటింటి కిటికీ ముందు పెట్టి కాల్చినట్టు. అందులో కొంత గాలికి కొట్టుకుపోతుంది, కొంత చల్లబడి షెడ్డు రేకులకి, గోడలకి, నేల మట్టికి, ఆయన చొక్కాకి అంటుకుంటుంది. ఎండకు రేకు వేడెక్కినప్పుడల్లా మళ్లీ కొంచెం కొంచెం లేస్తుంది. అందుకే కాచే రోజు ఒక్కటి తప్పించుకుంటే చాలదు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ద్రవరూపంలోని పాదరసం పొరపాటున మింగితే చాలావరకు అలాగే బయటికి వెళ్లిపోతుంది, ఒంటికి పట్టేది బహు తక్కువ. అదే ఆవిరిగా పీలిస్తే, పీల్చినదాంట్లో 80 శాతం దాకా ఊపిరితిత్తుల నుంచి నెత్తురులోకి వెళ్తుంది. అక్కడి నుంచి మెదడుకు, మూత్రపిండాలకు చేరుతుంది. తల్లి మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకూ చేరుతుంది. చేత్తో తాకకుండా జాగ్రత్తపడి, ఆవిరిని మాత్రం పట్టించుకోనివాళ్లు అసలు ప్రమాదాన్ని వదిలేసినట్టే.

ఇందులో ఊరట ఏమిటంటే, పీల్చడం ఆగితే ఒంట్లో చేరిన పాదరసం క్రమంగా పోతుంది. సుమారు రెండు నెలలకు సగం తగ్గుతుంది. కాబట్టి మీరు వెంటనే చేయాల్సినవి రెండు. మీ గైనకాలజిస్టుకు ఈ షెడ్డు విషయం దాచకుండా చెప్పండి, మూత్రంలో పాదరసం పరీక్ష రాయమనండి. ఆవిరి పీల్చినవాళ్ల విషయంలో మూత్ర పరీక్షే సరైనది. శాంపిల్ బయటి ల్యాబుకు పంపి రిపోర్టు తెప్పిస్తారు, కొన్ని రోజులు పడుతుంది. విషం విరిచే మందులని, డీటాక్స్ అని ఎవరైనా అంటే డాక్టరు చెప్పకుండా ఏదీ మింగొద్దు. రెండోది, పురిటికి పుట్టింటికి ఎలాగూ వెళ్తారు కదా, ఏడో నెల దాకా ఆగకుండా ఇప్పుడే కందుకూరు వెళ్లండి. శ్రీమంతం అక్కడే చేసుకోవచ్చు. అలిగి వెళ్లినట్టు కాకుండా, డాక్టరు చెప్పారని చెప్పి వెళ్లండి.

మామగారి దగ్గరికి వద్దాం. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు తక్కువ. నేను ఇరవై ఎనిమిదేళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లల్ని పిలిచి, అరచేతిలో ఒక బొట్టు పాదరసం పోసి, "ఎంత బరువుందో చూడండిరా" అనేవాణ్ని. నీళ్లకు పదమూడున్నర రెట్ల బరువు, చెయ్యి కిందికి గుంజినట్టు ఉంటుంది. పిల్లలు రూపాయి బిళ్లకు రుద్ది మెరిపించేవాళ్లు. కింద పడ్డ బొట్లు బల్లల కాళ్ల దగ్గర చేరేవి. వానాకాలమంతా ఆ గది కిటికీలు మూసే ఉండేవి. ల్యాబ్ అటెండరు రోజంతా ఆ గదిలోనే కూర్చునేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు పాడవుతుంది. నాకూ అప్పట్లో "ఏమైంది?" అనే అనిపించేది.

"ఏమైంది?" అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో ఒకరోజు ఒకేసారి కనపడేది కాదు. పాదరసం నెమ్మదిగా చేసే పని వయసు చేసే పనిలాగే ఉంటుంది. వేళ్లు సన్నగా వణుకుతాయి. చిన్నదానికే చిరాకొస్తుంది. మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, నలుగురిలోకి రావడానికి వెనకాడడం. చిగుళ్లు వాచి నెత్తురొస్తుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. మా వీధిలో బంగారం పని చేసే పెద్దాయన ఒకరుండేవారు. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేవారు. ఆఖర్లో ముక్కుపుడకకు రాయి పొదగడం కొడుక్కి ఇచ్చేశారు, తన చేత కావట్లేదని. వయసైపోయిందిలే అనుకున్నాం అందరం. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు. పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు.

అందుకని మామగారితో "మీ పని విషం" అని మొదలుపెట్టకండి. ముప్పయ్యేళ్లు ఆ చేతుల మీదే ఇల్లు నడిచింది. ఆ మాట ఆయన తట్టుకోలేరు, మీరు చెప్పదలుచుకున్నది వినరు. మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇలా అడగండి: "మామయ్యా, డాక్టరు నాకు టెస్టు రాశారు. షెడ్డులో ఎక్కువసేపు ఉండేది మీరు. మీరూ ఒకసారి చేయించుకోండి." అంతే. ఆ రిపోర్టులో అంకె వచ్చాక వాదన అవసరం ఉండదు. అత్తమ్మ కూడా చేయించుకోవాలి. ఆయన చొక్కాలు ఉతికేది ఆవిడే కదా. ఆ బట్టలు ఇకనుంచి విడిగా ఉతకమనండి.

పని మాటకొస్తే, మానేయమని చెప్పి ఊరుకుంటే సగం చెప్పినట్టే. దుమ్ములో పోయే బంగారం ఆయన కూలిలో భాగం, దాన్ని వదులుకోమని ఎవరూ అనలేరు. పాదరసం అవసరం ఎందుకొస్తోందో చూడండి: రజను, అంటే రాకినప్పుడు రాలే బంగారం పొడి, మట్టితో, వెంట్రుకలతో, ఇనుపపొడితో కలిసిపోవడం వల్ల. పని పీట కింద నున్నని ట్రే, ఒళ్లో తోలుముక్క పెట్టుకుని ఆకురాయి పట్టిన రజనును అక్కడికక్కడే పట్టుకుంటే చాలావరకు నేల మీదకే పోదు. దానిమీద అయస్కాంతం తిప్పితే ఇనుపపొడి వచ్చేస్తుంది. మిగిలినదాన్ని మూసలో వెలిగారం (బొరాక్స్) వేసి కరిగించుకోవచ్చు, అది ఆయనకు చేతనైన పనే. ఫిలిప్పీన్స్‌లో కొండల్లో చిన్నచిన్న బంగారు గనుల వాళ్లు పాదరసం మానేసి ఈ వెలిగారంతోనే బంగారం తీస్తున్నారు. ఇక నేల ఊడ్చిన చెత్త దుమ్ము ఉంటుంది చూడండి, దాన్ని ఏడాదికోసారి శుద్ధి చేసేవాళ్లకు అమ్మేయడం మేలు. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి పోగేస్తే బేరం కూడా కుదురుతుంది. మూతపెట్టిన పాత్రలో కాచి, ఆవిరిని గొట్టం గుండా చల్లబరిచి పాదరసం తిరిగి పట్టుకునే పరికరాలు ఉన్నాయి. కానీ నలుగురు కాపురముండే ఇంటి పెరట్లో అది కూడా వద్దనే నా మాట. మూత కొంచెం లీకైనా మీకే నష్టం.

మీ వారు కృష్ణపట్నం పేరెత్తారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. బొగ్గులో పాదరసం చాలా కొద్దిగా ఉంటుంది, కానీ ముత్తుకూరు మండలంలో ఉన్న 800 మెగావాట్ల యూనిట్ల లాంటివి రోజూ కాల్చే బొగ్గు వేల టన్నులు. అందుకే 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ ప్లాంట్ల పొగకు మొదటిసారి పాదరసం పరిమితి పెట్టింది. ఘనపు మీటరు పొగలో 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు. బూడిద పట్టే యంత్రాలు, గంధకం తీసే యంత్రాలు సరిగ్గా నడిస్తే పాదరసంలో కొంత వాటికే చిక్కుతుంది. కొంత బూడిదలో ఉంటుంది, కాబట్టి బూడిద చెరువు ఎలా ఉందన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. నెల్లూరులో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం ఉంది. పొగలో పాదరసం ఎంత వస్తోందో లెక్కలు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. మీ వారికి నిజంగా ఆ బాధ ఉంటే ఆ అర్జీ ఆయనే రాయాలి. రాయడం తెలియకపోతే నేను రాసిస్తాను.

అయితే ఆయన పోలికలో ఒక పొరపాటుంది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల ప్రపంచం మొత్తం మీద గాల్లోకి పోయిన పాదరసం సుమారు 2,200 టన్నులు. అందులో బొగ్గు మండించడం వాటా ఐదో వంతు. మూడో వంతుకు పైగా వచ్చింది ఎక్కడి నుంచి అంటే, పేదవాళ్లు నడుపుకునే చిన్న బంగారు గనుల నుంచి. మామగారు చేసే పద్ధతే, పాదరసంతో పిసికి మంట మీద కాచడమే. పైగా కృష్ణపట్నం పొగగొట్టం ఆకాశంలో ఉంది, మీ కుంపటి వంటింటి కిటికీకి పది అడుగుల్లో ఉంది.

గాల్లోకి పోయింది ఎక్కడికీ పోదు. వానతో కిందికి దిగి కాలువల్లో, చెరువుల్లో, సముద్రంలో చేరుతుంది. దుమ్ము కడిగిన నీళ్లు మీ ఇంటి డ్రైనేజీలోంచి వెళ్లేదీ అటే. అడుగు బురదలో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసం అనే, ఒంట్లో నిలిచిపోయే రూపంలోకి మారుస్తాయి. దాన్ని చిన్న చేప తింటుంది, చిన్న చేపను పెద్ద చేప తింటుంది, ప్రతి మెట్టులోనూ చిక్కబడుతుంది. కడిగినా, పులుసులో ఎంతసేపు ఉడికించినా పోదు. జపాన్‌లో మినమాత అనే ఊళ్లో ఒక రసాయన ఫ్యాక్టరీ ఇలాంటి వ్యర్థాన్నే సముద్రంలోకి వదిలింది. 1956లో ఆ జబ్బు బయటపడేసరికి చేపలు తిన్న పిల్లులు గింగిరాలు తిరిగి పడి చచ్చిపోతున్నాయి. పైకి ఆరోగ్యంగా కనిపించిన తల్లులకు నరాలు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. పాదరసం వాడకం తగ్గించడానికి కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి అందుకే ఆ ఊరి పేరే పెట్టారు. 2017లో అది అమల్లోకి వచ్చింది, మన దేశం 2018లో ఆమోదించింది. అందులో థర్మామీటర్లు, బీపీ మిషన్లు, బ్యాటరీలు, క్రీములు, బొగ్గు పొగ, బంగారం పని అన్నీ ఉన్నాయి.

మీ ఇంట్లో చేపలు తింటారో లేదో రాయలేదు. తింటే మానేయొద్దు, బిడ్డకు చేప మంచి ఆహారం. సొరను ఈ నెలల్లో పక్కన పెట్టండి, పెద్ద సైజు వంజరం తగ్గించండి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతల్లాంటి చిన్న చేపలు, చెరువు బొచ్చె, శీలావతి వారానికి రెండుసార్లు నిశ్చింతగా తినొచ్చు.

ఆడపడుచు క్రీము సంగతి చిన్నది కాదు, కానీ తేల్చడం తేలిక. డబ్బా మీద తయారుచేసిన వాళ్ల అడ్రసు, లైసెన్సు నంబరు, కలిపిన పదార్థాల జాబితా ఉన్నాయా? లేకపోతే ఇవాళే ఆపేయమనండి. వారంలో తెల్లబడ్డానని మురిసిపోతోంది అంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ‘క్యాలొమెల్’ అనో, ‘మెర్క్యురీ’ అనే మాట కలిసిన ఇంకేదైనా పేరో ఉంటే అది పాదరసమే. మన దేశంలో 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం క్రీముల్లో పాదరసం కలపడమే నేరం. అయినా కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి తెల్లబడే క్రీములు రాసుకున్నవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు 2023లో డాక్టర్లు బయటపెట్టారు. కాళ్లు వాస్తున్నాయా, మూత్రంలో నురగ వస్తోందా అని అడగండి, వస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ క్రీము రాసుకున్న చేత్తో, తుడుచుకున్న తువ్వాలుతో రేపు పసిబిడ్డను ఎత్తుకుంటే బిడ్డకూ అంటుతుంది. ఆ పిల్లకు మేనల్లుడి మీదో మేనకోడలి మీదో ఉన్న ప్రేమే ఆ డబ్బా పారేయిస్తుంది.

కొత్త థర్మామీటరు డిజిటల్‌ది కొనండి. ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు ఇంకా ఉంటే పోయినప్పుడల్లా ఎల్ఈడీ వేయించండి. 2027 తర్వాత ట్యూబులైట్ల తయారీయే ఆపేయాలని 2023లో జెనీవాలో ఆ మినమాత ఒప్పందంలోని దేశాలు ఒప్పుకున్నాయి. పాడైన ట్యూబును పిల్లలు ఈటెలా విసిరి పగలగొడుతుంటారు, ఆ పని మాత్రం చేయనివ్వకండి.

చివరిగా మామగారి సీసా. దాన్ని మోరీలో పోయొద్దు, మట్టిలో పాతొద్దు, ఇంకో పనివాడికి ఇవ్వొద్దు. పాదరసం మీద రెండంగుళాల నీళ్లు పోసి మూత బిగించి, ఆ సీసాను ఇంకో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన ‘పాదరసం’ అని పెద్దక్షరాలతో రాసి, ఇంట్లో కాకుండా బయట నీడలో తాళం వేసి ఉంచమనండి. పగిలిన థర్మామీటర్లు, ట్యూబులైట్లు, బ్యాటరీలు ఇళ్ల నుంచి వచ్చే ప్రమాదకర చెత్త అని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు, వాటిని విడిగా తీసుకునే ఏర్పాటు మున్సిపాలిటీ చేయాలి. మామూలు చెత్త బండిలో వేయకుండా నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగంలో అడగండి. అక్కడ తెలియదంటే కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో కాగితం రాసిచ్చి, రసీదు తీసుకోండి. షెడ్డు నేల మీద పైమట్టి కూడా రెండంగుళాలు తీయించాలి, అది ఎవరు ఎలా తీయాలో వాళ్లనే అడగాలి, కూలీలను పెట్టి తవ్వించొద్దు.

మీరు కందుకూరు వెళ్లాక, మామగారి రిపోర్టు రాగానే అందులో అంకె ఎంతుందో నాకు రాయండి. అది చూసి తర్వాతి సంగతి మాట్లాడదాం.